పదమూడో నంబరు మిషను

నెహెమ్యా ఆ మాట చెప్పినప్పుడు శివలీల విన్నది. ఆ తర్వాత ఎన్ని రకాలుగా తనకు తాను సర్దిచెప్పుకోవాలని చూసినా ఆ ఒక్కటీ మారలేదు. విన్నది. "సరే అన్నా" అని కూడా అన్నది.

అది ఏప్రిల్ నెల. ఓర్వకల్లు రాతిగుట్టలు పొద్దున తొమ్మిదికే పెనంలా కాలుతున్నాయి. విమానాశ్రయం రోడ్డుకు కాస్త లోపలగా భూగర్భజలాల అధ్యయన కేంద్రం ఒకటుంది. ఆ కేంద్రంలో ఒక్క గది మాత్రం ఏడాది పొడవునా చల్లగా ఉంటుంది. అందులో ఇనుప అరల్లో పన్నెండు కంప్యూటర్లు వరసగా ఉంటాయి. అన్నింటినీ తీగలతో కలిపి, ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి పంచిపెడితే, ఒకేసారి తలా ఒక ముక్క చేసి ఇస్తాయి. ఒక్క కంప్యూటరు రోజంతా చేసే పని గంటలో అయిపోతుంది. దాన్ని క్లస్టర్ అంటారు. ఆఫీసులో మాత్రం అందరూ 'మిషన్లు' అనేవాళ్లు.

ఆ మిషన్లకు పని పంచే ప్రోగ్రాం శివలీల రాసింది. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ల వీధిలో పుట్టి, కడపలో ఇంజనీరింగ్ చదివి, ఇరవై తొమ్మిదేళ్లకే ఇలాంటి పని తెలిసిన మనిషి జిల్లాలో తనొక్కతే అన్నంత పేరు తెచ్చుకుంది. ఆ పేరంటే ఆమెకు ఇష్టం కూడా. ఆమె ప్రోగ్రాం వారం వారం రెండు వందల ఇరవై ఎనిమిది ఊళ్ల బోర్ల లెక్క కట్టేది. నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఎండలు ముదిరితే ఎంత దిగుతాయి అని చూసి పటం గీసేది. పటంలో ఎర్రగా పడిన ఊరికి నీళ్ల ట్యాంకరు పోతుంది. పచ్చగా పడిన ఊరికి పోదు.

మిషన్లను చూసుకునేది నెహెమ్యా. యాభై రెండేళ్ల మనిషి, బేతంచెర్ల దారిలో ఒక పల్లె. ఎప్పుడో ఐటీఐ చదివాడు. దుమ్ము దులపడం, ఫ్యాన్లు మార్చడం, తీగలు సరిచూడడం ఆయన పని. ప్రతి మిషను ముందు తెల్లకాగితం ముక్క అంటించి, గుండ్రటి అక్షరాలతో దాని నంబరు రాసిపెట్టేవాడు. ఏ మిషను చప్పుడు ఏదో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాడు.

ఆ రోజు ఆయన తలుపు దగ్గర నిలబడి చెప్పాడు.

"మేడం, ఐదో నంబరు మిషను కాలిపాయ. బోర్డే పోయింది. తీసి బయట పెట్టినా. దాని తావున కొత్తది పెట్టినా గానీ, ఐదు నంబరు తీసుకోల్యా. పదమూడు అని పడింది. మీ ప్రోగ్రాంలో ఏమన్నా మార్చాల్నేమో చూసుకోండి."

శివలీల తన పై అధికారి ఉమామహేశ్ అడిగిన స్లైడ్లు చేస్తూ ఉంది. మధ్యాహ్నం రెండింటికి కర్నూల్లో మీటింగు. తెర మీంచి తల తిప్పలేదు.

"సరే అన్నా. అదే చూసుకుంటుంది లే."

నెహెమ్యా ఒక్క క్షణం నిలబడి, ఇంకేదో అడగాలనుకున్నవాడిలా తలుపు పట్టుకుని, తర్వాత వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత పేపర్లో వచ్చింది. ఆలూరు వైపు పంతొమ్మిది ఊళ్లకు ఆ మూడు వారాలూ ఒక్క ట్యాంకరు కూడా పోలేదు. కేంద్రం ఇచ్చిన పటంలో ఆ ఊళ్లన్నీ పచ్చగా, నీళ్లతో నిండుగా ఉన్నాయి. ఊళ్లో బోర్లు మాత్రం గాలి కక్కుతున్నాయి. సుంకులమ్మ అనే అరవై ఏళ్ల మనిషి పొలం బావిలోకి మెట్లు దిగి బిందె ముంచుకుని ఎక్కుతూ జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమె ఫోటో కూడా వేశారు. ఆసుపత్రి మంచం మీద, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

విచారణకు కర్నూలు నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. ఉమామహేశ్ గదిలో కూర్చున్నారు. శివలీలను, నెహెమ్యాను పిలిచారు. నెహెమ్యా కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకు ఆనుకోకుండా నిటారుగా నిలబడ్డాడు.

అధికారుల్లో పెద్దాయన కాగితం తిరగేస్తూ, "ఈ తేడా మొదలైన వారమే ఒక మిషను మార్చారట కదా?" అన్నాడు.

"అవును సార్," అన్నాడు నెహెమ్యా.

ఉమామహేశ్ శివలీల వైపు తిరిగాడు. "మార్చిన సంగతి నీకు చెప్పాడా?"

అప్పటికి తప్పు ఎక్కడ జరిగిందో శివలీలకు నిజంగా తెలియదు. కానీ ప్రశ్న అది కాదు. ప్రశ్న చెప్పాడా లేదా అన్నది. తలుపు దగ్గర నెహెమ్యా నిలబడిన తీరు ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ఆ క్షణంలోనే ఆమె నోరు తెరిచింది.

"నాకు రాతపూర్వకంగా ఏమీ రాలేదు సార్."

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోటికొచ్చింది.

"నోటితో చెప్పినా సార్," అన్నాడు నెహెమ్యా. గొంతు పెంచలేదు. "మేడం ఈడ్నే ఉన్నారు. ఐదు పోయింది, పదమూడు వచ్చిందని చెప్పినా. అడగండి."

పెద్దాయన అడిగాడు. "ఏమ్మా? చెప్పాడా?"

శివలీల చేతిలో పెన్నుంది. దాని మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. నెహెమ్యా తన వైపే చూస్తున్నాడని తెలుసు. తల ఎత్తలేదు.

"గుర్తు లేదు సార్."

నెహెమ్యా మళ్లీ "చెప్పినా" అనలేదు. అని ఉంటే బాగుండేదని శివలీలకు తర్వాత చాలాసార్లు అనిపించింది. అరిచి ఉంటే, బల్ల గుద్ది ఉంటే, ఆయన మీద కోపం తెచ్చుకోవడానికైనా ఏదో ఒకటి దొరికేది.

వారంలో నివేదిక వచ్చింది. సాంకేతిక సహాయకుడు నెహెమ్యా ముందుగా తెలియజేయకుండా యంత్రం మార్చినందువల్ల లెక్కలు తప్పాయి అని అందులో రాశారు. ఆయనను పనిలోంచి తీసేశారు. చివరి రోజు ఆయన తాళాలు బల్ల మీద పెట్టి, శివలీల గది ముందు ఆగాడు.

"ఏడో మిషన్ ఫ్యాను శబ్దం జేస్తాంది మేడం. వచ్చేటోనికి చెప్పండి."

అంతే చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున శివలీల ప్రోగ్రాం తెరిచి మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. పదకొండు గంటలకు కనిపించింది.

ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్లు అన్నీ తామే రాయరు. ఎవరో ముందే రాసిపెట్టిన ముక్కల మూట ఒకటి ఉంటుంది. దాన్ని లైబ్రరీ అంటారు. మనకు కావలసిన ముక్కను పేరు పెట్టి పిలిస్తే అది పని చేసి జవాబిస్తుంది. శివలీల వాడిన లైబ్రరీలో మిషన్ల గురించి అడగడానికి రెండు ముక్కలున్నాయి. ఒకటి, ఇప్పుడు ఎన్ని మిషన్లు పనిలో ఉన్నాయని అడిగితే ఒక అంకె చెబుతుంది. రెండోది, ఏయే మిషన్లు ఉన్నాయని అడిగితే వాటి నంబర్ల పట్టీ ఇస్తుంది. వాడే విధానం చెప్పే పుస్తకంలో రెండూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

శివలీల మొదటిదాన్ని వాడింది. రెండేళ్ల కిందట రాసేటప్పుడు పన్నెండు మిషన్లకూ ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వరసగా ఉన్నాయి. ఎన్ని అని అడిగితే పన్నెండు అని వచ్చింది. ఇంక పట్టీ ఎందుకు అనుకుని, ఒకటి నుంచి పన్నెండు దాకా తనే లెక్కపెట్టుకుంటూ పని పంచేలా రాసేసింది.

మిషన్లను కలిపే ఆ వ్యవస్థ ఒకసారి ఇచ్చిన నంబరును ఇంకో మిషనుకు ఇవ్వదు. ఐదు పోయి పదమూడు వచ్చాక ఎన్ని అని అడిగినా జవాబు పన్నెండే. ఆమె ప్రోగ్రాం మాత్రం లేని ఐదుకు పని పంపి ఎదురుచూసింది. ఉన్న పదమూడును పలకరించనేలేదు. ఇన్ని వారాలూ ఆ కొత్త మిషను ఏ పనీ లేక ఖాళీగా ఉంది. ఐదో ముక్కలో ఉన్నవి ఆలూరు వైపు పంతొమ్మిది ఊళ్లు.

జవాబు రాకపోతే ప్రోగ్రాం ఆగిపోవాలి. కనీసం ఒక హెచ్చరిక చూపాలి. అది కూడా ఆమే ఆపేసింది. ఒకసారి మీటింగులో అందరి ముందు తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయని చిన్నతనంగా అనిపించి, జవాబు రాకపోతే పాత లెక్కే ఉంచు అని రాసింది. ఆ పాత లెక్క పోయిన వారానిది కాదు, రెండేళ్ల కిందట ప్రోగ్రాం రాసినప్పుడు నమూనాగా పెట్టినది, మంచి వానలు పడిన ఏడాదిది.

శివలీల కుర్చీలో వెనక్కి వాలింది. నెహెమ్యా చెప్పిన మాటలోనే అంతా ఉంది. ఐదు పోయింది, పదమూడు వచ్చింది, చూసుకోండి. ఇంతకన్నా తేటగా ఏ ఇంజనీరూ చెప్పడు.

రెండు వరసలు మార్చింది. ఎన్ని అని కాకుండా, ఏవేవి అని అడిగేలా. గంట తర్వాత కొత్త పటం వచ్చింది. పంతొమ్మిది ఊళ్లూ ఎర్రగా పడ్డాయి. పటం మారందే కదలని ట్యాంకర్లు ఆ సాయంత్రమే కదిలాయి.

ఉమామహేశ్ ఆమె గదికి వచ్చి భుజం తట్టినంత పని చేశాడు. "శభాష్! ఒక్కరోజులో పట్టేశావు. ఏంటి సమస్య?"

"మిషన్ నంబర్ల దగ్గర తేడా సార్."

ఇదీ అబద్ధం కాదు. ఇలాంటి నిజాలు చెప్పడం తనకు ఇంత బాగా వచ్చని శివలీలకు అంతవరకూ తెలియదు.

ఆ ఆదివారం ఎమ్మిగనూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ ఆఫీసు సంగతి పేపర్లో చూసినాం మే. తప్పు చేసినోన్ని తీసేసినారంట కదా, మంచి పనాయ. మీ నాయన అందరికీ చెప్తాండాడు, సరిజేసింది మా పాపే అని." శివలీల పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

జూన్ మొదటివారంలో ఆ పంతొమ్మిది ఊళ్లకు పోయి బోర్లలో నీటిమట్టం కొలవాల్సి వచ్చింది. ఇంకెవరినైనా పంపమని ఉమామహేశ్‌ను అడిగింది. ఎవరూ లేరన్నాడు. నాలుగో ఊళ్లో పంచాయతీ మనిషి ఒకాయన బోరు దగ్గర కొలత టేపు పట్టుకుని, మాటల్లో మాటగా అన్నాడు. "సుంకులమ్మ ఇల్లు అదే మేడం. ఆఫీసోళ్లు ఎవురన్నా వస్తే చూసి పోతారేమోనని ఆయమ్మ అనుకుంటా ఉండాది."

పోకుండా ఉండడానికి శివలీలకు ఒక్క కారణమూ తోచలేదు.

సుంకులమ్మ వసారాలో నులకమంచం మీద పడుకుని ఉంది. తొడ నుంచి కింది దాకా కట్టు. కొత్త మనిషిని చూసి లేవబోయింది, వల్ల కాలేదు.

"నీళ్ల ఆఫీసు నుంచా మా? ఇప్పుడు వస్తాండాయి ట్యాంకర్లు. రోజు మార్చి రోజు వస్తాండాయి. ఏం తిప్పల్లేదు."

"నొప్పి ఎట్ల ఉండాది అవ్వా?" అంది శివలీల. ఓర్వకల్లు ఆఫీసులో ఎప్పుడూ వాడని తన ఊరి మాట తెలియకుండానే నోట్లోంచి వచ్చింది.

"ఉంటాది గదా. ముసలి ఎముక." సుంకులమ్మ కొంగు సర్దుకుని, "ఆ మిషను పాడుజేసినోన్ని తీసేసినారంట, నిజమేనా?" అని అడిగింది.

"నిజమే."

"పాపం. వానికీ పెండ్లాం బిడ్డలు ఉంటారు గదా. కావాలని చేసుంటాడా ఏమన్నా? నాకైతే వాని మీద కోపం లేదు మా. కనపడితే చెప్పు."

శివలీల తల ఊపింది. నాది తప్పు అవ్వా అని చెప్పడానికి అదే సమయం. మంచం పక్కన ఎవరూ లేరు కూడా. "చెప్తా అవ్వా" అని మాత్రం అని, బయటికి వచ్చి జీపెక్కింది. మిగిలిన ఊళ్ల కొలతలు ఆ రోజు ఎలా తీసిందో ఆమెకు గుర్తు లేదు. మరుసటి రోజు చూసుకుంటే రెండు ఊళ్ల అంకెలు తారుమారుగా రాసి ఉన్నాయి.

ఆ మరుసటి రోజే సెలవు పెట్టి స్కూటీ మీద బేతంచెర్ల దారి పట్టింది.

నెహెమ్యా నాపరాళ్లకు పాలిష్ పెట్టే ఫ్యాక్టరీలో కూలికి చేరాడని ఊళ్లో చెప్పారు. ఫ్యాక్టరీ అంటే నాలుగు స్తంభాల మీద రేకులు. కింద నీళ్లు, బూడిద రంగు బురద, చెవులు పగిలే చప్పుడు. నెహెమ్యా మోకాళ్ల దాకా తడిసి, ఒళ్లంతా రాతిపిండి అంటి, మనిషి గుర్తుపట్టలేనట్టున్నాడు. ఆమెను చూసి మిషను ఆపాడు. చెయ్యి తుడుచుకుని బయట వేపచెట్టు కిందికి నడిచాడు. ఆమె వెనకే వెళ్లింది.

"ఏం మేడం, ఇంత దూరం?"

శివలీల దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "తప్పు నాదే అన్నా. ప్రోగ్రాంలో ఉండాది. మిషన్లు ఎన్నని అడిగినాను గానీ ఏవేవని అడగలేదు. పదమూడుకి పనే ఇయ్యలేదు. నువ్వు సరిగ్గానే చేసినావు. సరిగ్గానే చెప్పినావు."

నెహెమ్యా చేతి గోళ్లలో ఇరుక్కున్న పిండిని గీక్కుంటూ విన్నాడు.

"నేను చెప్పింది మీకు ఆపొద్దు ఇనపడిందా?"

"ఇనపడింది."

"మరి గుర్తు లేదంటిరే ఆళ్ల ముందర."

"గుర్తుండె అన్నా."

ఫ్యాక్టరీలోంచి ఎవరో కేకేస్తే నెహెమ్యా చెయ్యి ఊపి వస్తున్నానన్నాడు.

"ప్రోగ్రాం తప్పు గురించి నాకేం లేదు మేడం. తప్పు ఎవురికైనా అవుతాది. నేనూ ఒకసారి మూడో మిషను తీగ పీకి అందరి పనీ ఆపేసినా. మీకు తెలుసు. నవ్వుకున్యాం. ఇది అట్లాంటిది గాదు. పద్దెనిమిదేళ్ల నుంచి మా చర్చిలో ఆదివారం బైబిలు వాక్యం సదివేది నేను. పోయిన నెల నుంచి వేరేటోళ్లతో సదివిస్తాండారు. నన్నెవరూ ఒక్క మాట అనల్యా. పేపర్లో పడింది గదా, సర్కారోళ్లు ఊరికే రాస్తారా అనుకున్యారు. నా పెండ్లాం జీవమ్మ గూడా ఒక దినం అడిగె. నిజంగానే చెప్పినావా నువ్వు, అని."

"నేనేం చెయ్యాల అన్నా?"

"నాకేం తెలుసు. నాకొచ్చి చెప్తే ఏం లాభం? నాకు తెలిసిందే గదా అది."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. మిషను చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ మధ్యాహ్నమే ఆమె ఉమామహేశ్ ముందు కూర్చుని మొత్తం చెప్పింది. ఆయన వింటూ వింటూ లేచి తలుపు వేశాడు.

"సమస్య తీరిపోయింది కదా శివలీలా. ఇప్పుడు మళ్లీ తెరిస్తే నీ పేరొక్కటే కాదు, కేంద్రం పేరు పోతుంది. నెహెమ్యాకు ఇంకోచోట ఏదైనా చూద్దాం. మంచి మనిషి. నేనే మాట్లాడతాను."

ఒక్క నిమిషం శివలీలకు ఆ మాట ఎంతో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ సిగ్గేసింది.

"నివేదికలో ఆయన పేరుంది సార్. ఆయన నాకు చెప్పాడు. గుర్తు లేదని నేను అబద్ధం చెప్పాను."

"అలా రాయాల్సిన అవసరం ఏముంది? సమాచార లోపం అంటే సరిపోతుంది."

ఆమె ఆ మాట రాయలేదు. చెప్పాడు, విన్నాను, అబద్ధం చెప్పాను అనే రాసింది. తన ప్రోగ్రాంలో తప్పున్న వరసలు అచ్చు తీసి జతచేసి, విచారణకు వచ్చిన ఇద్దరు అధికారులకూ పంపింది. ఉమామహేశ్ ఆ రోజు నుంచి ఆమెతో పని మాట తప్ప మరొకటి మాట్లాడలేదు. ఆమె రాసిన ప్రతి ప్రోగ్రామూ ఇంకొకరు చదివాకే నడపాలని ఆదేశం వచ్చింది. ఆమె కాంట్రాక్టు సెప్టెంబరుతో సరి అన్నారు. మూడు వారాలకు సవరించిన నివేదిక, నెహెమ్యాను మళ్లీ పనిలోకి తీసుకుంటున్నట్టు ఉత్తరం వచ్చాయి.

పనిలోకి తీసుకుంటున్నారని నెహెమ్యాకు ఆఫీసు నుంచి ముందే ఫోన్ పోయింది. ఉత్తరం పోస్టులో పంపొచ్చు. శివలీల తనే తీసుకుని ఆదివారం పొద్దున ఆయన పల్లెకు వెళ్లింది.

చర్చి చిన్నది. తెల్లసున్నం గోడలు, నాపరాళ్ల నేల. ఆరాధన ఇంకా మొదలు కాలేదు. నలభై యాభై మంది చాపల మీద సర్దుకుంటున్నారు. నెహెమ్యా వెనక వరసలో గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి బయటికి వచ్చాడు. ఆమె కవరు చాచింది. ఆయన తీసుకోలేదు.

"నాకొద్దు. లోపల దావీదురాజన్నకియ్యి. సంఘం పెద్ద ఆయన."

దావీదురాజు డెబ్బై ఏళ్ల సన్నటి మనిషి. కవరు చించి, కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. "నా కండ్లకు ఆనడంల్యా. నువ్వే సదువమ్మా. అందరూ ఇంటారు."

శివలీల చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది. మొదటి వరస ముందు నిలబడి చదివింది. ఆఫీసు భాష. పూర్వ నివేదికలోని ఫలానా పేరా తొలగించడమైనది, సాఫ్ట్‌వేర్ పరమైన లోపము మరియు సమాచార మార్పిడిలో జరిగిన పొరపాటు కారణముగా, ఇట్లా. ఆమె రాసి పంపిన మాటలు ఎక్కడా లేవు. చెప్పాడు, విన్నాను, అబద్ధం చెప్పాను అన్న మూడు ముక్కల్నీ ఎవరో చక్కగా ఏరి పారేశారు.

చదవడం అయిపోయింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని ముఖాలు చూస్తేనే తెలిసింది. ముందు వరసలో కూర్చున్న విశ్వాసమ్మ అనే ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగింది.

"అంటే ఏందమ్మా? తప్పు ఎవురిదంట?"

శివలీల కాగితం మడిచింది. ఈసారి తల ఎత్తింది.

"నాది. మిషను మార్చినానని ఆయప్ప నాకు చెప్పినాడు. నేను ఇన్నాను. ఇని పట్టించుకోలేదు. నేను రాసిన దాంట్లోనే తప్పుండాది. దానివల్ల పంతొమ్మిది ఊళ్లకు నీళ్లు పోలేదు. ఒకామె తుంటి ఇరిగింది. పెద్ద ఆఫీసర్లు వచ్చి, ఈయప్ప నీకు చెప్పినాడా అని అడిగితే, గుర్తు లేదన్నాను. గుర్తుండె."

విశ్వాసమ్మ మళ్లీ అడిగింది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"ఎందుకట్ల అన్న్యావు?"

"భయపడి. పేరు పోతాదని."

"ఎవురి పేరు?"

"నా పేరు అవ్వా."

వెనక నుంచి ఒకరిద్దరు నెహెమ్యా వైపు తిరిగి చూసి, చూడలేక మళ్లీ ముందుకు తిరిగారు. ఇంతకాలం ఆయన్ను ఒక్క మాటా అనకుండా ఊరుకున్నవాళ్లు వాళ్లే. దావీదురాజు కిటికీ గూట్లోంచి బైబిలు తీసి, చాపల మధ్యగా నడిచి పోయి వెనక వరసలో నెహెమ్యా చేతికిచ్చాడు. నెహెమ్యా తీసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత లేచి ముందుకు వచ్చాడు. శివలీల పక్కకు తప్పుకుని బయటికి నడిచింది.

ఎండలో స్కూటీ సీటు కాలుతూ ఉంది. తాళం చెవి వెతుక్కుంటూ ఉంటే వెనక అడుగుల చప్పుడైంది. నలభై ఐదేళ్ల మనిషి, తలమీద ముసుగు, చేతిలో పాటల పుస్తకం. తను జీవమ్మనని చెప్పింది.

"రేపు పనికి వస్తాడంట ఆయప్ప. నేను వద్దంటిని. ఇనడు. ఆ రాళ్ల పిండికి దగ్గు ఎక్కువైంది. ఇంకోటి, ఆ మిషన్లంటే ఆయప్పకు ప్రాణం."

"మంచిది అక్కా," అంది శివలీల.

"నాకైతే నీ మీద కోపం పోలేదు. నా మొగున్ని నేనే నమ్మక ఒక దినం అడిగితిని. ముప్పై ఏళ్ల కాపురంలో ఎప్పుడూ అట్ల అడగలేదు. నువ్వొచ్చి ఇంతమంది ముందర చెప్పినావు, సరే, గుండె కావాల. కానీ ఆ దినం అడిగింది అడిగిందే గదా. అది నీకు చెప్పకపోతే నాకు ఊపిరాడదు. అందుకే వస్తి."

శివలీలకు క్షమించు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే క్షమించక తప్పదన్నట్టు ఉంటుందని అడగలేదు. "అవునక్కా" అని మాత్రం అంది.

జీవమ్మ పుస్తకం రెండు చేతులతో పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. చర్చిలోంచి నెహెమ్యా చదువుతున్న గొంతు వినిపిస్తోంది. మొదట రెండు వాక్యాలు తడబడి, తర్వాత సర్దుకుంది. శివలీల ఆయన చదవడం అయ్యేదాకా ఎండలోనే ఉంది. అయ్యాక స్కూటీ తీసి, అటు నుంచి అటే ఆలూరు వైపు తిప్పింది. సుంకులమ్మకు ఇంకా చెప్పలేదు. ఎనభై కిలోమీటర్ల పైన ఉంటుంది, చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.